సాయవ్వ అనపకాయకు ఫొటో

అలియాబాద్,
18 నవంబరు 2024

యాదగిరికి,

మీ బావ బాలనర్సయ్య రాసేది. ఆరేండ్ల తర్వాత ఉత్తరం ఏమిటని ఆశ్చర్యపడకు. ప్రేమ పొంగి రాయడం లేదు. పని పడింది, రాస్తున్నాను. ఫోను చేయవచ్చు కదా అంటావు. ముప్పై రెండేండ్లు పిండి గిర్ని నడిపిన చెవులు నావి. ఎదురుగా నిలబడి అరిస్తే వినిపిస్తుంది గానీ, ఫోనులో ఎవరు మాట్లాడినా గిర్ని తిరిగిన చప్పుడే. ఇది నా చేతితోనే రాస్తున్నాను. నలభై ఏండ్లు దాటినంక రాత్రి బడిలో నేర్చిన అక్షరాలు. వంకరగా ఉంటే ఉండనీ, చదువుకో.

సంగతి ఇది. మీ అమ్మ సాయవ్వ ఇచ్చిన అనప విత్తనం ఇంకా మా దగ్గర ఉంది. నీకు గుర్తుందో లేదో. మీ అక్క పద్మమ్మ ఏటా బూడిదలో కలిపి కుండలో దాస్తుంది, ఏటా పెడుతుంది. ఊళ్ళో అందరూ దుకాణం ప్యాకెట్లకు పోయారు. చుట్టూ ఉన్న మెట్ట చెల్కల్లో వెంచర్ల రాళ్ళు పాతారు. మా బావి గట్టు మీద చిక్కుడు తీగలాగ పాకిన రెండు సాళ్ళు, అంతే. ఇంకెక్కడా లేదు.

పోయిన నెల రఘునందన్ అని ఒక సారు వచ్చాడు. పాత విత్తనాలు వెతికి, పుస్తకంలో రాసి, చల్లని గదిలో దాచి, మళ్ళీ పది ఊళ్ళలో పండించే సంఘం అతనిది. గట్టు మీద పూత చూసి, "గిది మామూలు అనప లెక్కనే ఉంది తాతా. అది మా దగ్గర ముందే ఉంది. తేడా సూపెట్టు, రాసుకుంట" అన్నాడు. కాయ కాసినంక వచ్చి వాసన చూడమన్నాను. నవ్వాడు. "వాసన పుస్తకంల రాదు గద. కాయకు దగ్గరికెళ్ళి తీసిన ఫొటోలు పంపు. తేడా కనబడితే నేనే వస్త" అన్నాడు. జనవరి ఐదు గడువు. అది దాటితే మీ అమ్మ విత్తనం మామూలు అనప కింద పోతుంది. అంటే లేనట్టే. నేను బతికి ఉండగా అది కానివ్వను.

నా ఫోనుతో తీశాను. దగ్గరికి పోతే మసక. దూరం పోతే కాయ చీమంత. లైటు వేస్తే కాయకు సున్నం కొట్టినట్టు తెలుపు. ముప్పై తీసి ముప్పై పారేశాను.

నువ్వు మేడ్చల్ డిపో ఎదురుగా నలభై ఏండ్లు స్టూడియో నడిపావు. ఇంట్లో మంచి కెమెరా ఊరికే పడి ఉంటుంది. పంపు. మా పక్కింటి జలాల్ రోజు విడిచి రోజు మేడ్చల్ మార్కెట్‌కు కూరగాయలు వేసుకొని వస్తాడు, అతని చేతికి ఇవ్వు. తుంటి విరిగి మంచంలో ఉన్నావని విన్నాను. చేతులు బాగానే ఉన్నాయి కదా. ఎట్లా తీయాలో రాసి పంపు.

మీ అక్కకు ఈ ఉత్తరం సంగతి తెలియదు. కండ్లకోయలో మీ అమ్మ చెల్కను ఆమెకు ఒక్క మాట చెప్పకుండా అమ్మిన రోజు నుంచి నీ పేరు మా ఇంట్లో ఎవరూ పలకరు. నేనూ పలకను. రాస్తున్నాను, అంతే.

బాలనర్సయ్య

మేడ్చల్,
21 నవంబరు 2024

బావకు యాదగిరి నమస్కారాలు.

నీ ఉత్తరం మూడు సార్లు చదివాను. తిట్లు ఎక్కడెక్కడ ఉన్నాయో లెక్క చూసుకున్నాను. తక్కువే ఉన్నాయి, సంతోషం. తుంటి అతుక్కుంటోంది. డాక్టరు ఇంకో రెండు నెలలు మంచం దిగవద్దన్నాడు. నా కోడలు తృప్తి అటక మీది పెట్టె దించి కెమెరా తుడిచి ఇచ్చింది. జలాల్ పాలకూర కట్టల మధ్య పెట్టుకొని వస్తున్నాడు. దానికి బిగించి ఉన్నది దగ్గరి వస్తువులు తీసే లెన్సు. దాన్ని ఊడదీయకు. నోటితో ఊదకు.

పైన ఒక చక్రం ఉంటుంది. దాని మీద గుడిసె ముఖం లాంటి ఇంగ్లీషు అక్షరం ఉంటుంది, రెండు వాలు గీతలు, మధ్యలో ఒక అడ్డ గీత. చక్రం అక్కడ పెట్టు. వెనుక చిన్న తెర మీద ఒక అంకె కనిపిస్తుంది. పదకొండు పెట్టు. అది లెన్సు లోపలి రంధ్రం కొలత. వెలుతురు చాలకపోతే ఎక్కువగా పట్టుకునే ఇంకో అంకె ఉంటుంది. అది నేనే రెండు వందల దగ్గర పెట్టి పంపాను, ముట్టుకోకు. పెంచితే బొమ్మ మీద రవ్వ చల్లినట్టు వస్తుంది.

లైటు వెలిగించే బొత్తం మీద నేను గుడ్డ పట్టీ అంటించాను. అది తీయకు. ఎదురుగా లైటు కొడితే కాయ చదునుగా వస్తుంది, దాని ఒళ్ళు కనిపించదు. ఎండ పక్క నుంచి పడాలి. ఎండకూ కాయకూ మధ్య నీ తెల్ల ధోవతి అడ్డం కట్టు, వెలుగు మెత్తబడుతుంది. నీడ ఉన్న వైపు స్టీలు కంచం పట్టుకుంటే ఆ వెలుగు మళ్ళి కాయ మీద పడుతుంది. కెమెరాను చేతిలో పట్టుకోకు, దేని మీదనైనా కుదురుగా ఆనించు. నీ చేయి వణకదని నువ్వంటావు, తెలుసు. అయినా ఆనించు. బొత్తం నొక్కితే రెండు క్షణాల తర్వాత తీసేటట్టు పెట్టాను. నొక్కి చేయి తీసేయ్.

ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు. ఆ పుస్తకంలో ఎవరి పేరు రాస్తారు? నీ పేరా?

అక్క ఎట్లా ఉందో ఒక్క ముక్క రాయి.

యాదగిరి

అలియాబాద్,
27 నవంబరు 2024

యాదగిరికి,

నువ్వు చెప్పింది తప్పు, లేకపోతే సగమే చెప్పావు. రంధ్రం కొలత అన్నావు. సన్నపు వస్తువుకు సన్న రంధ్రం కావాలని నాకు తోచింది. నీ పదకొండు తీసి, అన్నిటికంటే చిన్న అంకె ఉంటే అది పెట్టాను. కాయ ముక్కు ఒక్కటే స్పష్టంగా వచ్చింది, మిగిలినదంతా పొగ. జలాల్ చూసి, "చాచా, గిది కాయ ఫొటోనా, ఇటుకల బట్టీ ఫొటోనా?" అన్నాడు.

రెండు రోజులు అంకెలు ఒక్కొక్కటీ తిప్పి తీసి చూశాను. చిన్న అంకెకు పెద్ద రంధ్రమట. పెద్ద అంకెకు చిన్న రంధ్రమట. ఇది పెట్టినవాడు ఎవడోగానీ గిర్నిలో పని చేస్తే ఒక్క రోజు ఉండనివ్వను. నువ్వయినా ముందు చెప్పాలి కదా. చివరికి నాకే అర్థమైంది. గిర్ని మీద గింజ వదిలే పలక ఉంటుంది చూడు, దాన్ని ఎక్కువ తెరిస్తే గింజ దబదబా పడుతుంది, పిండి బరక. తక్కువ తెరిస్తే సన్నగా పడుతుంది, పిండి మెత్తన, కాకపోతే ఆలస్యం. కెమెరా కూడా అంతే. సన్న రంధ్రంతో కాయ ఈ కొస నుంచి ఆ కొస దాకా మెత్తగా వస్తుంది, వెలుగు నిండడానికి ఆలస్యం అవుతుంది. ఆ ఆలస్యంలో గాలి వీస్తే చెడుతుంది. అందుకని కాయ తొడిమను వెదురు పుల్లకు దారంతో కట్టాను. కెమెరాను తవుడు సంచి మీద కూర్చోబెట్టాను. ఈ ముక్క నువ్వు రాయలేదు, నేనే కనిపెట్టాను. మొన్న కోతి ఒకటి వచ్చి సంచి చింపి తవుడంతా తిన్నది. కెమెరాను ఎత్తుకుపోలేదు, దానికి కూడా పెద్ద అంకె చిన్న అంకె సంగతి తెలియనట్టుంది.

మీ అక్క కెమెరా చూసింది. "గిది ఎవలది?" అన్నది. జలాల్‌ది అన్నాను. "జలాల్‌కు కెమెరా యాడిది? తక్కెడకే బాట్లు సక్కగ లేవు" అన్నది. జలాల్ తల గోక్కుంటూ, "నన్నెందుకు ఇర్కిస్తున్నవ్ చాచా" అని పోయాడు. మీ అక్క ధోవతి అడ్డం కట్టమంటే కట్టింది. కంచం పట్టమంటే, "బువ్వ తినే కంచంల ఎండ పోస్తవా" అని కోపం చేసింది, మళ్ళీ పట్టింది. ఎట్లా ఉంది అన్నావు. అట్లా ఉంది.

ఎవరి పేరు రాస్తారో నీకెందుకు? చెల్క అమ్మిన కాగితం మీద ఎవరెవరి పేర్లు ఉన్నాయో మేము అడిగామా?

ఫొటోల కార్డు అగ్గిపెట్టెలో పెట్టి పంపుతున్నాను. చూసి తప్పులు చెప్పు. మంచి చెప్పనక్కర లేదు.

బాలనర్సయ్య

మేడ్చల్,
1 డిసెంబరు 2024

బావకు,

అడగకూడనిది అడిగాను. ఇక అడగను. నువ్వు పని చెప్పమన్నావు, పనే చెబుతాను.

తృప్తి ల్యాప్‌టాప్‌లో అన్నీ చూశాను. కాయ కొస నుంచి కొస దాకా స్పష్టంగా ఉంది. గిర్ని పోలిక బాగుంది, నలభై ఏండ్లలో నాకు తట్టలేదు. కాకపోతే నాలుగు కాయల్లో మూడు ముందుకో వెనుకకో జరిగాయి. లెన్సు మీది రింగు తిప్పుతూ వెతుకుతున్నట్టున్నావు. ఇంత దగ్గరలో అది కుదరదు. రింగు ఒక చోట ఉంచి, సంచినే ముందుకు వెనుకకు గోరంత జరుపు. కాయ వెనుక ఆకులు గజిబిజిగా ఉన్నాయి. నల్ల గొడుగు తెరిచి అడ్డం పెట్టు.

అన్నిటికంటే పెద్ద తప్పు మెరుపు. కాయ మీద అక్కడక్కడ తెల్ల చుక్కలు మెరుస్తున్నాయి. స్టూడియోలో తలకు, ముఖానికి నూనె పెట్టుకొని వచ్చిన వాళ్ళకు నేను చేసే మొదటి పని పౌడరు అద్దడం. మెరుపు ఉన్న చోట కెమెరాకు ఇంకేమీ కనిపించదు. కాయను మెత్తని తడి గుడ్డతో తుడిచి, ఆరనిచ్చి, అప్పుడు తియ్యి. అంచున ఉన్న ఎర్ర గీత బాగా వస్తుంది. సారుకు తేడా చూపించేది అదే కదా.

యాదగిరి

అలియాబాద్,
8 డిసెంబరు 2024

యాదగిరికి,

తుడిచాను. ఒక్కసారి కాదు, గోరువెచ్చని నీళ్ళతో రెండు సార్లు. పన్నెండు కాయలు. పెండ్లికొడుకు ముఖం లాగ ఉన్నాయి. గొడుగు పెట్టాను, సంచి జరిపాను. ఎర్ర గీత దారం గుంజినట్టు వచ్చింది. శామీర్‌పేట చౌరస్తా నెట్ సెంటర్‌లో పెద్ద తెర మీద వేసి చూపించమన్నాను. అక్కడి పిల్ల, "తాతా, ఇవి నువ్వే తీసినవా?" అన్నది. మరి ఎవరు తీస్తారు అన్నాను. లోపల ఎంత సంతోషం అయ్యిందో నీకు రాయను.

సారుకు ఇంకా పంపలేదు. నువ్వు చూడకుండా పంపితే నీ కెమెరాకు మర్యాద కాదు. కార్డు నకలు జలాల్‌తో పంపుతున్నాను. పదిహేనో తేదీ దాకా చూస్తాను. నీ జవాబు రాకపోతే సరే అన్నట్టే అనుకొని పంపేస్తాను. అంత తీరిక లేదు, కాయ ముదిరిపోతోంది.

బాలనర్సయ్య

మేడ్చల్,
12 డిసెంబరు 2024

బావా,

పంపకు.

ఫొటోలు నా చేతి పని కంటే బాగున్నాయి. అందుకే భయం వేసింది. నిన్న తృప్తితో మార్కెట్ నుంచి పావుకిలో అనపకాయ తెప్పించాను. కిటికీ పక్కన మంచం మీదే పెట్టుకొని, ఫోనుకు చిన్న భూతద్దం తగిలించి తీశాను. ఎర్ర గీత దానికీ ఉంది. నీ కాయ, ఆ కాయ పక్క పక్కన పెట్టి చూస్తే ఏది అమ్మదో ఏది బజారుదో నేను చెప్పలేకపోయాను. నేను చెప్పలేనిది సారు ఎట్లా చెబుతాడు?

మొదటిసారి నువ్వు పంపిన ఫొటోలు మళ్ళీ చూశాను. తుడవక ముందువి. వాటి మీద ఆ మెరుపు చుక్కలు ఉన్నాయి. బజారు కాయ మీద ఎంత వెతికినా లేవు. నేను మెరుపును తప్పు అనుకున్నాను. అది కాయదేనేమో. నేను పద్నాలుగేండ్లకే స్టూడియోలో పనికి పోయాను. అమ్మ చెల్కలో కాయ తిన్నాను గానీ ఒక్క రోజు కోయలేదు. కోసింది అక్క. అక్కను అడుగు. నేను అడగమన్నానని చెప్పకు.

యాదగిరి

అలియాబాద్,
21 డిసెంబరు 2024

యాదగిరికి,

ఇది జలాల్‌తో కాదు, పోస్టులో వేస్తున్నాను. టికెట్ అంటించి మరీ తిడుతున్నాను.

పదిహేను దాకా చూశాను. నీ నుంచి మాట లేదు. పదహారున సారుకు పంపాను. నిన్న అతను ఫోను చేస్తే నెట్ సెంటర్ పిల్ల మాట్లాడి కాగితం మీద రాసి ఇచ్చింది. "ఫొటోలు చాలా స్పష్టంగా ఉన్నాయి. స్పష్టంగా చూస్తే ఇది మామూలు అనపే" అన్నాడట. నేను ఇన్ని రోజులు తవుడు సంచి జరిపింది ఆ మాట అనిపించుకోవడానికి.

ఇంటికి వచ్చి కాగితం మీ అక్కకు చదివి వినిపించాను. ఫొటోలు చూపించు అన్నది. చూసింది. "జిడ్డేది?" అన్నది. ఏం జిడ్డు అన్నాను.

"ఏం జిడ్డా? మా అమ్మ కాయ కోస్తే చేతులకు అంటుకుంటది గద. సబ్బు పెట్టినా పోదు. రెండు దినాలు చేతులు వాసనొస్తయ్. గా జిడ్డుల్నే వాసన ఉంటది. బజారు కాయకు యాడుంటది జిడ్డు? గంత మంచిగ కడిగి, తుడిచి, పెండ్లి జేసి ఫొటో దీసినవా? తుడువుమని నీకెవ్వడు జెప్పిండు?"

ఆమెకు తెలుసు. "వాడేనా?" అన్నది. ఆరేండ్లకు నీ మాట ఆమె నోట వచ్చింది, పేరు లేకుండా. "అమ్మ చెల్క అమ్మిండు. ఇప్పుడు అమ్మ కాయను గూడ తుడిచిండు" అన్నది.

నేనూ అదే అడుగుతున్నాను. పేరు నాది వస్తుందని కడుపు మండిందా? అందుకే తుడవమన్నావా? అందుకే ఇన్ని రోజులు నోరు మూసుకున్నావా? ఎవరి పేరు అని అడిగావు కదా. విను. సారు కాగితంలో విత్తనం పేరు రాసే చోట మొదటి రోజే రాసి ఇచ్చాను, సాయవ్వ అనప అని. నా పేరు ఎక్కడా లేదు. నీకు ముందే చెప్పకపోవడం నా పొగరు. నీకు చెప్పవలసిన అవసరం ఏముంది అనుకున్నాను.

పదిహేను రోజులు ఉన్నాయి. నేను విడిచిపెట్టను. నువ్వు లేకుండానే తీస్తాను.

బాలనర్సయ్య

మేడ్చల్,
24 డిసెంబరు 2024

బావా,

పన్నెండో తేదీన రాశాను. జలాల్‌కు ఇచ్చాను. వాళ్ళ చెల్లెలు ఫర్హత్ పెండ్లి నాగారంలో అని, బండిని పది రోజుల పాటు అక్కడే పెట్టాడని నిన్ననే తెలిసింది. నా ఉత్తరం బండి సీటు కింది డబ్బాలో పడి ఉందట. అతను చెవులు పట్టుకొని మన్నించమన్నాడు. ఈ ఉత్తరంతో పాటు అది కూడా నీకు ఇస్తాడు. ముందు అది చదువు. తేదీ చూడు.

తుడవమన్నది నేనే. ముఖాలకు పౌడరు అద్దిన చేయి, అది తప్ప వేరేది తెలియదు. కావాలని చేయలేదు. నమ్ముతావో లేదో నీ ఇష్టం.

చెల్క సంగతి మాత్రం కావాలనే చేశాను. అక్కకు చెబితే వద్దంటుందని తెలుసు. అందుకే చెప్పలేదు. వేరే కారణం ఏదైనా ఉందని ఆరేండ్లు వెతికాను, దొరకలేదు.

ఇగ పని. జిడ్డు కనబడాలంటే వెలుగు పక్క నుంచి కాదు, వెనుక నుంచి రావాలి. సూర్యుణ్ణి కాయ వెనుక కొంచెం ఓరగా ఉంచుకో. ఎండ నేరుగా లెన్సులో పడకుండా పైన అట్ట ముక్క పట్టు. నల్ల గొడుగు ఇంకా దూరం జరుపు. ధోవతి తీసెయ్, ఈసారి మెత్తని వెలుగు వద్దు. చుక్క మీద గట్టి వెలుగు పడితేనే అది చుక్కలాగ నిలబడుతుంది. కంచం ఎదురుగా పట్టుకో, లేకపోతే కాయ ముందు భాగం నల్లబడుతుంది. అప్పుడు నూగు కూడా కనిపించాలి. నల్ల గొడుగు చూసి కెమెరా మోసపోయి బొమ్మను తెల్లగా చేస్తుంది. కూడిక, తీసివేత గుర్తులు ఉన్న బొత్తం ఉంది చూడు, అది తీసివేత వైపు ఒక మెట్టు దించు. కాయను ఎవరూ ముట్టుకోవద్దు. కట్టేటప్పుడు తొడిమ మాత్రమే పట్టుకోవాలి. అది అక్కకే చేతనవుతుంది.

నేను నడవగలిగితే ఈ ఉత్తరం రాసేవాణ్ణి కాదు, వచ్చి గట్టు మీద కూర్చునేవాణ్ణి.

యాదగిరి

అలియాబాద్,
31 డిసెంబరు 2024

యాదగిరికి,

నీ రెండు ఉత్తరాలు ఒకే రోజు వచ్చాయి. తేదీ చూశాను. కడుపు మండిందా అని రాసిన ముక్క వెనక్కి తీసుకుంటున్నాను. మిగిలిన తిట్లు అట్లాగే ఉంటాయి. రెండూ మీ అక్కకు పైకి చదివాను. చెల్క ముక్క దగ్గర ఆగాను. "సదువు" అన్నది. చదివాను. లేచి పోయి పశువులకు నీళ్ళు పెట్టి వచ్చింది. "పొద్దుగాల ఎన్నింటికి దీద్దాం?" అన్నది.

మొదటి రోజు తెల్లవారుతూనే పోయాం. వెనుక నుంచి ఎండ రాగానే కాయ నిండా చుక్కలు. నేను ఎగిరాను. మీ అక్క వేలు పెట్టి చూసి, "గిది మంచు. జిడ్డు గాదు. గడ్డి మీద గూడ గట్లనే మెరుస్తలేదా?" అన్నది. నిజమే. సారు కూడా అదే అంటాడు. పది గంటల దాకా కూర్చున్నాం, మంచు ఆరేదాకా. గాలి మొదలైంది. నలభై తీస్తే ఒక్కటీ నిలబడలేదు. రెండో రోజు చెద్దరి నాలుగు కట్టెలకు కట్టి గాలికి గోడ చేశాం. జలాల్ తప్పు తీర్చుకుంటానని చెద్దరి పట్టుకొని రెండు గంటలు నిలబడ్డాడు. "మార్కెట్ పోయింది గానీ, ఫొటో మాత్రం రావాలె" అని మధ్య మధ్యలో అరుస్తూ ఉన్నాడు. అతని అరుపుకు కాయ కదులుతోందని మీ అక్క తిట్టింది.

మూడో రోజు పదిన్నరకు గాలి ఆగింది. మంచు పూర్తిగా ఆరింది. మీ అక్క తొడిమ పట్టుకొని దారం ముడి వేసింది. ఆమె కంచం పట్టింది, నేను సంచి గోరంత జరిపాను. తీసివేత వైపు దించాను. చిన్న తెర మీద చూశాను. యాదగిరీ, కాయ అంచు వెంబడి తెల్లని నూగు, వెంట్రుక వెంట్రుక లెక్కపెట్టవచ్చు. ప్రతి వెంట్రుక కొన మీద ఒక బొట్టు. ఆవగింజలో పావు వంతు ఉండదు. డెబ్బై ఆరేండ్ల బతుకులో ఆ కాయ ఎన్ని వేల సార్లు తిన్నానో, దాని ఒళ్ళు ఇట్లా ఉంటుందని నాకు తెలియదు. మీ అక్కకు చూపించాను. కొంగుతో కండ్లద్దాలు తుడుచుకొని మళ్ళీ చూసింది. "నా చేతులకు ఎరికే గానీ, నా కండ్లకు ఎరిక లేకుండె" అన్నది.

అయినా సారు ఇది మంచే అంటే? అప్పుడు ఆమె ఒక పని చెప్పింది. కాయను తెల్ల కాగితం మీద అద్దమన్నది. బజారు కాయను తడిపి పక్కనే అద్దమన్నది. ఎండలో పెట్టాం. నీళ్ళ మరక పావుగంటలో పోయింది. మన కాయ మరక పోలేదు. కాగితాన్ని ఎండకు ఎదురు పట్టి, దాన్నీ ఫొటో తీశాను, మరకలో నుంచి వెలుగు దిగుతోంది. బజారు కాయను కూడా అదే వెలుగులో, అదే అంకెతో తీశాను, ఒక్క బొట్టు లేదు. నీ పన్నెండో తేదీ ఉత్తరం చదవకపోతే అది తోచేది కాదు. ఇది మెచ్చుకోలు కాదు, జరిగింది రాస్తున్నాను.

అన్నీ నిన్ననే సారుకు పంపాను. నిన్ను అడగలేదు. మీ అక్క పంపు అన్నది.

బాలనర్సయ్య

అలియాబాద్,
9 జనవరి 2025

యాదగిరికి,

సారు నాలుగో తేదీన వచ్చాడు. గడువుకు ఒక్క రోజు ముందు. తనతో ఇంకో మేడంను, ఒక పెద్ద భూతద్దాన్ని తెచ్చాడు. గట్టు మీద వంగి చూశాడు. వేలితో తాకాడు, వాసన చూశాడు, మళ్ళీ తాకాడు. మేడంకు చూపించాడు. నేను, "వాసన పుస్తకంల రాదంటివి గద?" అన్నాను. "రాస్త తాతా, రాస్త" అన్నాడు. మీ అక్క నవ్వు ఆపుకోలేక బావి అవతలికి పోయింది.

సాయవ్వ అనప అని రాసుకున్నాడు. రకం వేరు అని రాసుకున్నాడు. నూగు ఫొటో పుస్తకంలో నిండు పేజీ వేస్తామన్నాడు. ఫొటో ఎవరు తీశారో పేరు కావాలన్నాడు. నేనే అని నోరు తెరిచాను. నిజమే కదా, సంచి జరిపింది నేనే. మీ అక్క వెనుక నుంచి గట్టిగా, "ముగ్గురి పేర్లు రాయుండ్రి. కంచం పట్టింది నేను. మంచంల పండుకొని జెప్పినోడు ఒకడున్నడు, వాని పేరు యాదగిరి" అన్నది. ఆ పేరు ఆమె నోట విని నాకే చిత్రంగా అనిపించింది. చెవులు తప్పు విన్నాయేమో అనుకొని, మళ్ళీ చెప్పమన్నాను. "నీకు ఇనబడ్డది గద" అన్నది.

ఇంకో సంగతి. చల్లని గదిలో దాస్తే చాలదట. విత్తనం ఒక్క గట్టు మీదే ఉంటే ఒక్క తెగులుకు పోతుందట. పక్క పొలాల అనప పూత కలిసినా చెడుతుందట. వేరే అనప లేని చోట ఇంకో తావున కూడా పెట్టండి, సొంత మనుషుల దగ్గర అయితే మంచిది అన్నది మేడం. మీ అక్క నాలుగు రోజులు ఆలోచించింది. ఈ పొద్దు పొద్దుగాల బూడిద కుండ దించి గింజలు ఏరింది. మంచివే ఏరింది, నేను పక్కనే ఉన్నాను. "మేడ్చల్‌ల డిపో ఎనుక మేడల మీద అనప యాడుంటది? వాని మేడ ఖాళీగనే ఉండె గద" అన్నది.

వచ్చే గురువారం మీ అక్క జలాల్ బండిలో వస్తోంది. రెండు బస్తాల చెల్క మన్ను కూడా తెస్తోంది, మీ పట్నం మన్ను పనికిరాదట. నువ్వు తృప్తికి చెప్పి మేడ మీద ఎండ పడే చోట ఆరు పెద్ద కుండీలు పెట్టించు. పందిరికి కట్టెలు కావాలి. ఇది దాని కాలం కాదు, అయినా నీళ్ళు పోస్తే మొలుస్తుంది, విత్తనానికి సరిపడా కాస్తుంది అంటోంది. ఆమె లోపలికి రాగానే నువ్వు చెల్క మాట ఎత్తకు. మన్నించమని ఏడవకు. ముందు ఆమె మాట్లాడుతుంది. ఏమంటే దానికి ఊ అను. మేడ మెట్లు ఎక్కలేవు కాబట్టి నీళ్ళు ఎవరు పోస్తారో ఆమె అడుగుతుంది, దానికి జవాబు ఇప్పుడే చూసి పెట్టుకో.

నీ కెమెరా ఆమె చేతికే ఇచ్చి పంపుతున్నాను. లెన్సు ఊడదీయలేదు. నోటితో ఊదలేదు. తుంటి బాగయ్యాక మెల్లగా మేడ ఎక్కు. కాయ కాసినప్పుడు నువ్వు ఫొటో తీసి నాకు పంపు. తప్పులు నేను చెబుతాను.

మీ బావ,
బాలనర్సయ్య